మాత్ర మారలేదు, క్రిమి మారింది

“డాక్టరు గారూ, పోయినేడు ఇదే మాత్ర మూడు రోజులు వేసుకుంటే తగ్గిపోయింది. ఈసారి వారం రోజులు వేసుకున్నా తగ్గలేదు. మాత్రలో మందు లేదంటారా?”

మా ఓ.పి.లో ఈ ప్రశ్న తరచుగా వింటూ ఉంటాము. అడిగేవారిలో చదువుకున్నవారూ ఉంటారు, చదువు లేనివారూ ఉంటారు. కొందరు కంపెనీని అనుమానిస్తారు. కొందరు మందుల షాపువారిని అనుమానిస్తారు. ఇంకొందరు “నా ఒళ్ళు ఆ మందుకు అలవాటు పడిపోయింది” అంటారు.

చాలాసార్లు జరిగే సంగతి వేరు. మాత్రలో మందు ఉంటుంది. మన ఒళ్ళు ఆ మందుకు అలవాటు పడిపోదు. మారేది క్రిమి. ఆ మార్పు ఎక్కడో దూరాన జరగాల్సిన పని లేదు, మన పేగుల్లోనే జరగవచ్చు. మనం తినే తిండి, మింగే మాత్రలు, తాగే నీళ్ళు అన్నిటికీ ఆ మార్పులో పాత్ర ఉంది. ఈ సంచికలో ఆ సంగతే కాస్త వివరంగా మాట్లాడుకుందాము. ఇది తెలిస్తే, షాపుకు వెళ్ళి “అన్నా, రెండు మాత్రలియ్యి” అని అడిగే ముందు మనం ఒక్క క్షణం ఆలోచిస్తాము.

మనలో ఒక పెద్ద ఊరు

క్రిమి అనగానే మనకు జబ్బే గుర్తొస్తుంది. కాని మన పేగుల్లో ఉండే బాక్టీరియాలో ఎక్కువ భాగం మనకు హాని చేయనివే. 2016లో ప్రచురించిన ఒక లెక్క ప్రకారం, 70 కిలోల బరువున్న మనిషిలో సుమారు 38 లక్షల కోట్ల బాక్టీరియా ఉంటాయి. ఆ మనిషి సొంత కణాలు సుమారు 30 లక్షల కోట్లు. అంటే లెక్కకు మనకంటే అవే కొంచెం ఎక్కువ! అన్నిటినీ కలిపి తూచినా 200 గ్రాములకు అటూ ఇటూగా ఉంటాయి. వాటిలో అధిక భాగం పెద్దపేగులోనే నివసిస్తాయి.

1885లో జర్మనీకి చెందిన థియొడోర్ ఎషెరిష్ అనే పిల్లల డాక్టరు పసిబిడ్డల మలాన్ని పరీక్షించి, అందులో ఉన్న ఒక కడ్డీ ఆకారపు బాక్టీరియాను వర్ణించారు. తరువాతి కాలంలో దానికి ఆయన పేరే పెట్టారు. నేడు మీ మూత్రపరీక్ష, కల్చర్ రిపోర్టుల్లో కనిపించే ‘ఈ.కోలై’ అదే. ఆరోగ్యవంతుల పేగుల్లో అది మామూలుగా ఉండేదే. దారి తప్పి మూత్రాశయంలోకి వెళితే మంట, జ్వరం వస్తాయి. దానిలోనే కొన్ని రకాలు విరేచనాలు కూడా కలిగిస్తాయి.

ఈ ఊరివాళ్ళు ఊరికే కూర్చొని తినరు. మన పేగు అరిగించుకోలేని పీచు పదార్థాన్ని పులియబెట్టి, పెద్దపేగు గోడకు ఆహారమయ్యే ఆమ్లాలుగా మారుస్తాయి. విటమిన్ ‘కె’ని, కొన్ని ‘బి’ విటమిన్లను తయారుచేస్తాయి. చోటంతా తామే ఆక్రమించుకొని ఉండడం వల్ల, బయటినుంచి వచ్చిన చెడ్డ క్రిములకు నిలబడే తావు దొరకనివ్వవు. దేవుడు మన దేహాన్ని ఎంత వివరంగా అమర్చాడో తలచుకున్నప్పుడు, ఈ కంటికి కనపడని కాపరులను కూడా ఆ లెక్కలో చేర్చుకోవాలి.

ఎత్తి రాసేటప్పుడు దొర్లే తప్పులు

అచ్చు పుస్తకాలు అందరికీ దొరకని రోజుల్లో ఆరాధన పాటలను నోటు పుస్తకంలో చేత్తో ఎత్తి రాసుకునేవారు. ఎంత జాగ్రత్తగా రాసినా ఎక్కడో ఒక అక్షరం తప్పేది. ఆ పుస్తకం చూసి మరొకరు రాసుకుంటే, ఆ తప్పు అందులోకీ వెళ్ళేది.

బాక్టీరియా ఒకటి రెండుగా చీలేటప్పుడు జరిగేదీ ఇలాంటిదే. దాని లోపల ఉండే డీఎన్‌ఏ ఒక పుస్తకం వంటిది. ఈ.కోలై పుస్తకంలో దాదాపు 46 లక్షల అక్షరాలు ఉంటాయి. చీలే ప్రతిసారీ ఆ పుస్తకమంతా ఎత్తి రాసుకోవాలి. అది ఎంత చక్కని రాతగత్తె అంటే, సుమారు వెయ్యిసార్లు పుస్తకం మొత్తం ఎత్తి రాస్తే గాని ఒక అక్షరం తప్పు పోదు. ఆ తప్పునే శాస్త్రవేత్తలు ఉత్పరివర్తనం అంటారు.

వెయ్యింటికి ఒకటి అంటే చాలా తక్కువ కదా అనిపిస్తుంది. కాని ఒక మనిషి పేగుల్లో ఈ.కోలై ఒక్కటే వందల కోట్లలో ఉండవచ్చు. అవి రోజుకు ఒక్కసారి చీలినా, లక్షలకొద్దీ కొత్త తప్పులు ప్రతిరోజూ పుడుతూ ఉంటాయి. వాటిలో చాలావరకు ఏ ఉపయోగమూ లేనివి. కొన్ని ఆ క్రిమికే నష్టం చేసేవి. ఎప్పుడో ఒక తప్పు మాత్రం, ఆ రోజున్న పరిస్థితిలో, ఆ క్రిమికి కలిసి వస్తుంది.

రైతులకు ఇది చెప్పనక్కర లేదు. ఒకే మడిలో చల్లిన వరిలో వాన ఎగ్గొట్టిన ఏడు కొన్ని దుబ్బులు ఎండిపోతాయి, కొన్ని తట్టుకుంటాయి. తట్టుకున్న దుబ్బుల గింజలనే విత్తనానికి ఉంచితే, నాలుగేళ్ళకు మడి స్వభావమే మారిపోతుంది. పేగుల్లో విత్తనం ఏరి ఉంచే రైతు లేడు. అక్కడి పరిస్థితులే ఆ పని చేస్తాయి. ఏ క్రిమికి ఆ చోటు సరిపడుతుందో దాని సంతానం పెరుగుతుంది, సరిపడనిది తగ్గిపోతుంది. దీనికి ప్రకృతి వరణం అని పేరు. ఇలా తరతరానికీ వచ్చే మార్పును పరిణామం అంటారు.

పరిణామం అన్న మాట వినగానే సంఘంలో కొందరికి పాత వాదోపవాదాలు గుర్తుకు రావచ్చు. ఇక్కడ మనం మాట్లాడుతున్నది లక్షల ఏళ్ళ కిందటి సంగతి కాదు. ఈ వారం, ఈ నెల, మన పేగుల్లో జరుగుతూ, ప్రయోగశాలలో కొలిచి చూడగలిగిన సంగతి. కల్చర్ రిపోర్టులో మందు పేరు ఎదురుగా ‘లొంగదు’ అని రాసి ఉన్న ప్రతిసారీ దాని ఫలితాన్ని మేము కళ్ళారా చూస్తున్నాము.

సీసాలో చూశారు, కడుపులో చూశారు

అమెరికాలో రిచర్డ్ లెన్‌స్కీ అనే శాస్త్రవేత్త 1988 ఫిబ్రవరిలో ఒక ప్రయోగం మొదలుపెట్టారు. ఒకే ఈ.కోలై సంతానాన్ని 12 సీసాల్లో వేసి, ప్రతిరోజూ ప్రతి సీసాలోంచి కొంచెం తీసి కొత్త ఆహారంలో వేస్తూ వచ్చారు. రోజుకు ఆరేడు తరాలు గడిచేవి. 2022లో ఆ ప్రయోగం టెక్సాస్‌కు మారింది. అప్పటికే 70 వేల తరాలు దాటాయి. మనుషుల్లో తరానికి 25 ఏళ్ళనుకుంటే, అన్ని తరాలకు 17 లక్షల ఏళ్ళు పడుతుంది.

పన్నెండు సీసాల్లోని క్రిములూ తమకు పెట్టిన ఆహారానికి తగినట్టు మారాయి, మొదటివాటికంటే వేగంగా పెరగసాగాయి. వాటిలో ఒక్క సీసాలోనివి మాత్రం, 31 వేల తరాలు దాటాక, గాలి ఉన్నచోట మామూలు ఈ.కోలై తినలేని సిట్రేట్ అనే పదార్థాన్ని తినడం నేర్చుకున్నాయి. ఆ సంగతిని 2008లో ప్రకటించారు.

సీసా సంగతి సరే, మనిషి కడుపులో? 2019లో అమెరికాలో ఒక బృందం ఆరోగ్యంగా ఉన్న 12 మంది మలం నుంచి బాక్టీరాయిడీస్ ఫ్రాజిలిస్ అనే సాధారణ పేగు బాక్టీరియాను వేరుచేసి, 602 నమూనాల డీఎన్‌ఏను అక్షరం అక్షరం చదివింది. ఒక్కొక్కరి కడుపులో ఉన్నవి ఒకే మూలం నుంచి వచ్చినా, ఆ కడుపులోనే అవి కొద్దికొద్దిగా మారుతూ వచ్చాయని తేలింది. మారిన జన్యువుల్లో కొన్ని ఆ క్రిమి పైపొరకు సంబంధించినవి, కొన్ని పిండిపదార్థాలను తినడానికి సంబంధించినవి. ఆ మనిషి శరీరానికి, ఆ మనిషి తిండికి తగినట్టు అవి తమను తాము సర్దుకుంటున్నాయన్న మాట.

అదే సంవత్సరం వచ్చిన మరో పరిశోధన దాదాపు 40 రకాల పేగు బాక్టీరియాను పరిశీలించింది. ఆరు నెలల వ్యవధిలో చూస్తే చాలావరకు పాత కాపురస్థులే ఉంటారు, కాని వారి జన్యువుల్లో అక్కడక్కడ చిన్న మార్పులు కనిపిస్తాయి. దశాబ్దాలు గడిచాక చూస్తే పాతవారి స్థానంలో అదే జాతికి చెందిన కొత్తవారు వచ్చి చేరి ఉంటారు. ఒకే ఇంట్లో పెరిగిన కవలలు పెద్దవారై వేరుపడ్డాక వారి క్రిములు కూడా వేరుపడతాయి. అంతకుముందు 2013లో వచ్చిన పరిశోధనలో, ఒక మనిషిలోని బాక్టీరియా రకాల్లో సుమారు 60 శాతం ఐదేళ్ళ తరువాత కూడా అలాగే ఉన్నట్టు తేలింది.

ఈ పరిశోధనలన్నీ కలిపి చూస్తే మనకు పనికొచ్చే సంగతి ఇది. పేగు క్రిములు వచ్చి పోయే చుట్టాలు కావు. ఏళ్ళ తరబడి మనతో కాపురం ఉంటూ, మనం చేసే ప్రతి పనికీ తగినట్టు మారుతూ ఉంటాయి.

పొరుగింటి నుంచి తెచ్చుకోవడం

క్రిములు మారడానికి ఇంకో దారి ఉంది, అది మరింత వేగమైనది. ఒక క్రిమి దగ్గర ఉన్న జన్యువును పక్కనున్న క్రిమి తీసుకోగలదు. వంటింట్లో చింతపండు అయిపోతే పక్కింటి వదినను అడిగి తెచ్చుకున్నట్టే. చాలాసార్లు ఆ జన్యువులు ప్లాస్మిడ్ అనే చిన్న డీఎన్‌ఏ ఉంగరంలో ఉంటాయి. ఉంగరం చేతులు మారినట్టు అది ఒక జాతి క్రిమి నుంచి మరో జాతి క్రిమికి కూడా పోగలదు.

దీనివల్ల మేలు జరిగిన సందర్భమూ ఉంది. జపాను వారు సముద్రపు నాచును తరతరాలుగా తింటున్నారు. ఆ నాచులోని ఒక రకం పిండిపదార్థాన్ని విడగొట్టే జన్యువు సముద్రంలోని బాక్టీరియాకు ఉంది. అదే జన్యువు జపానువారి పేగు బాక్టీరియాలో కూడా ఉందని 2010లో కనుగొన్నారు. వారితో పోల్చిచూసిన ఉత్తర అమెరికావారి పేగుల్లో అది కనిపించలేదు. తిండితోపాటు వచ్చిన సముద్రపు క్రిమి నుంచి పేగు క్రిమి ఆ విద్య నేర్చుకుందని శాస్త్రవేత్తల నిర్ధారణ.

తిండి అరిగించే విద్య ఇలా చేతులు మారినట్టే, మందును తట్టుకునే విద్య కూడా మారుతుంది. మన భయమంతా అక్కడే.

గొంతు నొప్పికి మింగిన మాత్ర పేగులకూ తగులుతుంది

మనం గొంతు నొప్పికో దగ్గుకో యాంటీబయాటిక్ మింగుతాము. ఆ మాత్రకు దారి తెలియదు. గొంతులో ఉన్న క్రిమినొక్కదాన్నే వెతికి చంపదు. అది కడుపులోకి వెళ్ళి, రక్తంలో కలిసి, ఒళ్ళంతా తిరుగుతుంది. పేగుల్లోని లక్షల కోట్ల బాక్టీరియాకూ తగులుతుంది. పంటలో కలుపు చావాలని కొట్టిన మందు చేనంతటి మీదా పడ్డట్టు.

అప్పుడు జరిగేది జల్లెడ పట్టడమే. మందుకు లొంగేవి చస్తాయి. వాటిలో మనకు మేలు చేసేవీ ఉంటాయి. ఏదో ఒక తప్పు అక్షరం వల్లనో, పక్కదాని నుంచి తెచ్చుకున్న ఉంగరం వల్లనో మందును తట్టుకోగలిగినవి మిగులుతాయి. చోటు ఖాళీ అయింది, తిండికి పోటీ లేదు, ఇక అవి పెరగడమే. మనకు జబ్బేమీ ఉండదు, కడుపు నొప్పి కూడా ఉండదు. అయినా మనం మందుకు లొంగని క్రిములను మోస్తూ తిరుగుతుంటాము. రేపు వాటిలో ఒకటి మూత్రనాళంలోకి చేరి జ్వరం వచ్చినప్పుడు గాని ఆ సంగతి బయటపడదు.

2011లో ప్రచురించిన ఒక అమెరికా పరిశోధనలో ముగ్గురు ఆరోగ్యవంతులకు పది నెలల్లో రెండుసార్లు సిప్రోఫ్లాక్ససిన్ కోర్సు ఇచ్చి, వారి పేగు బాక్టీరియాను గమనించారు. మందు మొదలుపెట్టిన మూడు నాలుగు రోజుల్లోనే ఊరి రూపురేఖలు మారిపోయాయి. మందు ఆపాక చాలావరకు తిరిగి వచ్చాయి గాని, పూర్తిగా మునుపటిలా కాలేదు. అవసరమైనప్పుడు ప్రాణం నిలబెట్టే మందు అది. అనవసరంగా వేసుకుంటే మాత్రం ఆ నష్టానికి ప్రతిఫలం ఏమీ ఉండదు.

స్వీడన్‌లో జరిగి 2010లో ప్రచురితమైన మరో పరిశీలన మన దేశానికి సంబంధించినది. విదేశీ ప్రయాణానికి వెళ్ళిన 100 మందిని వెళ్ళేముందు, వచ్చాక పరీక్షించారు. వెళ్ళేముందు లేని మొండి ఈ.కోలై, అంటే సెఫలోస్పోరిన్ జాతి మందులకు లొంగనిది, 24 మంది పేగుల్లో వచ్చి చేరింది. ఇండియాకు వచ్చి వెళ్ళిన 8 మందిలో 7గురికి అది అంటుకుంది! వారు తిన్న తిండితో, తాగిన నీళ్ళతో వచ్చినదే అయివుండాలి. ఆరు నెలల తరువాత మళ్ళీ పరీక్షించిన 21 మందిలో ఐదుగురిలో మాత్రమే అది మిగిలింది. ఇందులో మనకు హెచ్చరికా ఉంది, ఆశా ఉంది. మొండి క్రిమి మన నీటిలో, తిండిలో తిరుగుతోందన్నది హెచ్చరిక. కాలం గడిచేకొద్దీ చాలామంది పేగుల్లోంచి అది తొలగిపోగలదన్నది ఆశ. ఈలోగా అనవసరంగా మింగే ప్రతి యాంటీబయాటిక్కూ ఆ మొండి క్రిమి పక్షానే పనిచేస్తుంది.

పెన్సిలిన్ కనుగొన్న అలెగ్జాండర్ ఫ్లెమింగ్ 1945 డిసెంబరులో నోబెల్ బహుమతి సభలోనే ఈ ప్రమాదాన్ని ముందుగా చెప్పారు. క్రిములు చావనంత తక్కువ మోతాదులో మందు వాడితే అవి దానికి మొండికేస్తాయని, అలాంటి క్రిమి భర్త నుంచి భార్యకు అంటుకుని ఆమె ప్రాణం మీదికి రావచ్చని ఒక ఊహాకథ చెప్పి మరీ హెచ్చరించారు. మందు వేసుకున్నది ఒకరు, అనుభవించేది ఇంకొకరు.

రెండు హైదరాబాదుల సంగతి

టైఫాయిడ్ చరిత్ర చూస్తే ఈ మాట మరింత స్పష్టమవుతుంది. 1948 నుంచి టైఫాయిడ్‌కు క్లోరంఫెనికాల్ దివ్యౌషధంగా ఉండేది. 1990 ప్రాంతానికి మన దేశంలో చాలాచోట్ల దానికి లొంగని టైఫాయిడ్ వచ్చింది. తరువాత సిప్రోఫ్లాక్ససిన్ వచ్చింది. అదీ క్రమంగా పదును కోల్పోయింది. డాక్టర్లు సెఫ్ట్రియాక్సోన్ ఇంజక్షన్లకు, సెఫిక్సీమ్, అజిత్రోమైసిన్ మాత్రలకు మారారు.

2016 నవంబరులో పాకిస్తాన్‌లోని సింధు రాష్ట్రంలో హైదరాబాదు అనే ఊళ్ళో కొత్త రకం టైఫాయిడ్ బయటపడింది. అది పాత మందులతోపాటు సెఫ్ట్రియాక్సోన్‌కు కూడా లొంగలేదు. నోటితో మింగే మందుల్లో అజిత్రోమైసిన్ ఒక్కటే దిక్కయింది. తరువాతి సంవత్సరాల్లో వేలమంది ఆ జబ్బు పడ్డారు. శాస్త్రవేత్తలు ఆ క్రిమి డీఎన్‌ఏను చదివి 2018లో వివరం ప్రకటించారు. ఈ.కోలై వంటి పేగు క్రిముల్లో ఉండే ప్లాస్మిడ్ ఉంగరమొకటి టైఫాయిడ్ క్రిమికి చేరింది. మామూలు పేగు క్రిమి దాచుకున్న విద్య ప్రాణాంతక క్రిమి చేతికి వచ్చింది. మురుగు కలిసిన తాగునీటి ద్వారా అది వ్యాపించిందని పరిశీలకులు వేలెత్తి చూపారు.

ఈ కథలో మన హైదరాబాదు కూడా ఉంది. టైఫాయిడ్‌కు కొత్త రకం టీకాను మన హైదరాబాదులోని భారత్ బయోటెక్ సంస్థ తయారుచేసింది. 2018లో సింధు హైదరాబాదులో రెండు లక్షల మందికి పైగా పిల్లలకు ఆ టీకా వేశారు. అది మొండి టైఫాయిడ్ నుంచి కూడా పిల్లలను కాపాడిందని తరువాతి పరిశీలనల్లో తేలింది. 2019లో ఈ కొత్త రకం టైఫాయిడ్ టీకాను ప్రభుత్వ టీకాల పట్టికలో చేర్చిన మొదటి దేశం పాకిస్తానే. జబ్బే రాకపోతే మందు అక్కర లేదు. మందు వాడకపోతే క్రిములకు మొండితనం నేర్చుకునే అవకాశం ఉండదు. టీకా, శుభ్రమైన నీరు, చేతులు కడుక్కోవడం, ఈ మూడూ మందులను కూడా కాపాడతాయి.

తిండి చేసే మార్పు

క్రిములను మార్చేది మందులే కాదు. 2016లో ఎలుకలపై జరిగిన పరిశోధనలో పీచు తక్కువైన తిండి పెడితే పేగుల్లో కొన్ని రకాల బాక్టీరియా తగ్గిపోయాయి. ఆ పిల్లలకు, వాటి పిల్లలకు కూడా అదే తిండి పెడుతూ పోగా, నాలుగు తరాలకు కొన్ని రకాలు పూర్తిగా మాయమయ్యాయి. తరువాత మంచి తిండి పెట్టినా అవి తిరిగి రాలేదు. 2022లో పోర్చుగల్‌లో జరిగిన మరో ఎలుకల పరిశోధనలో, కొవ్వు చక్కెర ఎక్కువగా ఉన్న తిండి తిన్నవాటిలో ఒకలా, మామూలు మేత తిన్నవాటిలో మరోలా ఒకే జాతి బాక్టీరియా జన్యువులు మారాయి. ఎలుకల సంగతి మనుషులకు అచ్చంగా వర్తిస్తుందని చెప్పలేము. అయినా మన అవ్వల వంటింటికి తిరిగి చూడడానికి ఇది మంచి కారణమే. జొన్నరొట్టె, రాగి సంగటి, గోంగూర, తోటకూర, గోరుచిక్కుడు, కందిపప్పు, పెసలు, అలసందలు, జామకాయ, వీటిలో పేగు బాక్టీరియాకు కావలసిన పీచు ఉంది. మైదా బిస్కెట్లలో, చిప్స్ పొట్లాల్లో దాదాపు లేదు.

తల్లిపాల సంగతి ఇంకా ఆశ్చర్యం. పాలలోని చక్కెర, కొవ్వు తరువాత ఎక్కువగా ఉండే పదార్థం బిడ్డ తనంతట తాను అరిగించుకోలేని ఒక జాతి పిండిపదార్థం. బిడ్డకు అరగనిది తల్లిపాలలో ఎందుకు? దాన్ని తినగల బిఫిడోబాక్టీరియా కోసం. ఆ బాక్టీరియా పెరిగి బిడ్డ పేగులను పుల్లగా ఉంచి, చెడ్డ క్రిములను నిలవనివ్వదు. అందుకే మొదటి ఆరు నెలలు తల్లిపాలు తప్ప మరేదీ వద్దని మా నర్సమ్మలు అంతగా చెబుతారు. తేనె, పంచదార నీళ్ళు, ఆవుపాలు ఏవీ వద్దు.

మీరు తరచు అడిగే ప్రశ్నలు

విరేచనాలు పట్టుకుంటే వెంటనే మాత్ర వేసుకోకూడదా?
పిల్లల్లో నీళ్ళ విరేచనాలు ఎక్కువగా వైరస్‌ల వల్ల వస్తాయి. యాంటీబయాటిక్ వైరస్‌ను ఏమీ చేయలేదు. పేగుల్లోని మంచి బాక్టీరియాను మాత్రం చంపుతుంది. ముందుగా ఇవ్వవలసింది ఓ.ఆర్.ఎస్. పొట్లం మీద రాసినంత నీటిలో మొత్తం పొట్లం ఒకేసారి కలపండి. పిల్లలకు డాక్టరు చెప్పిన మోతాదులో జింకు 14 రోజులు ఇవ్వాలి. తల్లిపాలు ఆపకూడదు. మలంలో రక్తం పడితే, జ్వరం ఎక్కువగా ఉంటే, బిడ్డ నీరసించి కళ్ళు లోతుకు పోతే, ఏమీ తాగలేకపోతే, మూత్రం ఆగితే, వెంటనే ఆసుపత్రికి తీసుకురండి.

తగ్గినట్టనిపిస్తే మాత్రలు ఆపేయవచ్చా?
మీ అంతట మీరు ఆపవద్దు. అలాగని ఇంకా నాలుగు రోజులు పొడిగించుకోవద్దు కూడా. ఎక్కువ రోజులు వాడేకొద్దీ పేగుల్లో జల్లెడ పట్టే పని కూడా ఎక్కువవుతుంది. కొన్ని జబ్బులకు ఇప్పుడు మూడు నుంచి ఐదు రోజుల కోర్సు చాలని తేలింది. క్షయ వంటి జబ్బుకు నెలల తరబడి తప్పదు. ఎన్ని రోజులో డాక్టరు నిర్ణయిస్తారు. అన్ని రోజులే వాడండి. ఆపాలనిపిస్తే వచ్చి అడగండి.

పెరుగు, చద్దన్నం తింటే అన్నీ సర్దుకుంటాయా?
తినండి, మంచిదే. కాని పెరుగులోని బాక్టీరియా మన పేగుల్లో సాధారణంగా స్థిరపడవు, కొద్ది రోజులు ఉండి వెళ్ళిపోతాయి. యాంటీబయాటిక్ చేసిన నష్టాన్ని పెరుగు పూర్తిగా పూడ్చలేదు. అసలు అనవసరంగా వేసుకోకపోవడమే అన్నిటికంటే మేలు.

మా ఇంట్లో ఒకరు వేసుకుంటే మిగతావారికేమిటి?
ఒకే మరుగుదొడ్డి, ఒకే బిందె, ఒకే వంటిల్లు. ఒకరి పేగుల్లో పెరిగిన మొండి క్రిమి ఇంటిల్లిపాదికీ చేరే వీలుంది. పసిబిడ్డలకు, బాలింతలకు, షుగరు ఉన్నవారికి, ఆపరేషను అయినవారికి దానివల్ల ముప్పు ఎక్కువ.

ఇంట్లో పాటించవలసినవి

1. మందు పట్టీ వెనుక నిలువుగా ఎర్రగీత ఉందేమో చూడండి. యాంటీబయాటిక్ మందులను జనం గుర్తుపట్టేలా కేంద్ర ఆరోగ్య శాఖ 2016లో ఆ గీత గురించి ప్రచారం చేపట్టింది. ఎర్రగీత ఉన్న మందును డాక్టరు చీటీ లేకుండా కొనవద్దు.

2. జలుబు, మామూలు గొంతు నొప్పి, నీళ్ళ విరేచనాలకు యాంటీబయాటిక్ ఇవ్వమని మమ్మల్ని బలవంతపెట్టవద్దు. మాత్ర రాయకపోతే డాక్టరుకు శ్రద్ధ లేదని అనుకోవద్దు.

3. మిగిలిన మాత్రలు డబ్బాలో దాచి మరోసారి వాడవద్దు. పక్కింటివారికి ఇవ్వవద్దు. వారు మీకు ఇచ్చినా తీసుకోవద్దు.

4. మరుగుదొడ్డికి వెళ్ళివచ్చాక, వంటకు ముందు, బిడ్డకు తినిపించేముందు సబ్బుతో చేతులు కడగండి. నీళ్ళు కాచి చల్లార్చి తాగండి. బిందెలో చెయ్యి ముంచకుండా పొడవాటి కాడ ఉన్న గరిటెతో తీయండి.

5. పిల్లలకు రోటావైరస్ టీకా వేయించండి. 2016లో మన దేశంలో ఆ టీకా మొదలైన నాలుగు రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి. టైఫాయిడ్ టీకా గురించి పిల్లల డాక్టరును అడగండి.

6. కోళ్ళు, పశువులు పెంచేవారు బలం కోసమని మేతలో యాంటీబయాటిక్ కలపవద్దు. ప్రాణాపాయంలో ఉన్న రోగులకు ఆఖరి ఆధారంగా వాడే కోలిస్టిన్ మందును జంతువుల పెంపకంలో వాడకుండా కేంద్ర ప్రభుత్వం 2019లో నిషేధించింది.

7. మూత్రంలో మంట, జ్వరం మళ్ళీ మళ్ళీ వస్తుంటే కల్చర్ పరీక్ష చేయించుకోండి. అంతకుముందు ఏ మాత్రలు వేసుకున్నారో దాచకుండా చెప్పండి. పాత చీటీలు తీసుకురండి.

సంఘంలో గృహనిర్వాహకత్వం గురించి తరచు వింటూ ఉంటాము. మనకు అప్పగించినది మనది మాత్రమే కాదని, లెక్క అప్పచెప్పాలని నేర్చుకుంటాము. డబ్బుకూ, కాలానికీ ఈ మాట ఎలా వర్తిస్తుందో, పనిచేసే మందులకూ అలాగే వర్తిస్తుంది. పనిచేసే యాంటీబయాటిక్ ఊరందరి ఉమ్మడి ఆస్తి. అవసరం లేనిచోట మనం ఖర్చుచేసిన మాత్ర, అవసరమున్న చోట ఒక పసిబిడ్డకో, ఒక బాలింతకో పనిచేయకుండా పోవచ్చు.

ఈసారి ఆసుపత్రికి వచ్చినప్పుడు డాక్టరుగారిని “ఈ జబ్బుకు యాంటీబయాటిక్ నిజంగా అవసరమా?” అని అడగండి. ఆ ప్రశ్న మాకు ఎంతమాత్రం నొప్పి కలిగించదు. అది అడిగే రోగి తన ఆరోగ్యంతోపాటు ఇంటివారి ఆరోగ్యాన్ని కూడా కాపాడుకుంటున్నట్టే. ప్రభువు మిమ్మల్ని, మీ కుటుంబాలను ఆయురారోగ్యాలతో కాపాడును గాక.